డొల్ల పలికిన లింటెల్: న్యూయార్క్ లోకల్ లా 11 కింద ఒక భవనం, ఏడేళ్ళు

భవనం పేరు, వీధి నంబరు ఇక్కడ రాయడం లేదు. మాన్‌హాటన్ ఎగువ భాగంలో, 1920లలో కట్టిన పదకొండు అంతస్తుల ఇటుక భవనం అది. మూల మీద ఉంటుంది. అవెన్యూ వైపు ముఖం 100 అడుగులు, పక్క వీధి వైపు 125 అడుగులు. డెబ్భై పైచిలుకు ఫ్లాట్లు, కింద పక్క వీధి వైపు మూడు దుకాణాలు. యాజమాన్యం కో-ఆప్ పద్ధతి: ఫ్లాటులో ఉండేవాళ్ళందరూ భవనం నడిపే కంపెనీలో వాటాదారులు, వాళ్ళు ఎన్నుకున్న బోర్డు ఏ ఖర్చు ఎప్పుడు పెట్టాలో తేలుస్తుంది.

ఈ భవనం బయటి గోడలు తనిఖీ చేసిన ఇంజనీరుగా 2017లో మొదటిసారి సంతకం పెట్టాను. ఆ గోడ ముందు, ఫుట్‌పాత్ మీద నడిచేవాళ్ళకు రక్షణగా నిలబెట్టిన షెడ్ 2024 జూన్‌లో ఊడదీయించాను. నగర కౌన్సిల్ చేసిన చట్టం కాగితం మీద నుంచి గోడ దాకా వచ్చేసరికి ఎక్కడ పదును చూపిస్తుందో, ఎక్కడ చేతులెత్తేస్తుందో ఈ ఒక్క భవనం నాకు నేర్పింది. ఇలాంటి పనిలో ఉన్న మన ఇంజనీర్లు ఇక్కడా చాలామంది ఉన్నారు, హైదరాబాద్‌లో, విశాఖలో కూడా ఉన్నారు. వాళ్ళ కోసం రాస్తున్నాను.

ముందు చట్టం పుట్టుక చెప్పాలి. 1979 మే 16న బ్రాడ్‌వే, 115వ వీధి మూల దగ్గర బర్నార్డ్ కాలేజీ మొదటి సంవత్సరం విద్యార్థిని నడిచి వెళుతోంది. పై అంతస్తు కిటికీ లింటెల్ నుంచి ఊడిన ముక్క తల మీద పడి చనిపోయింది. మరుసటి ఏడాది కౌన్సిల్ లోకల్ లా 10 చేసింది. మేయర్ ఎడ్ కోచ్ సంతకం పెట్టారు. ఆరంతస్తులు మించిన ప్రతి భవనానికీ వీధి వైపు గోడను ఐదేళ్ళకొకసారి లైసెన్సున్న ఇంజనీరో ఆర్కిటెక్టో చూసి, నగర బిల్డింగ్స్ డిపార్ట్‌మెంట్‌కి రిపోర్టు ఇవ్వాలి. చట్టం వల్ల వచ్చిన మార్పు చెప్పడానికి ఒక్క వాక్యం చాలు: అంతకుముందు గోడ పడ్డాకే ఎవరైనా పైకి చూసేవాళ్ళు.

1997 డిసెంబరులో మాడిసన్ అవెన్యూలో 540 నంబరు టవర్ గోడ నుంచి ఇటుకలు కుప్పగా రాలాయి. వీధి మూసేశారు. కొత్త సంవత్సరం మొదట్లోనే లోకల్ లా 11 వచ్చింది, అదే 1998 నాటి చట్టం. వీధి వైపు గోడే కాకుండా వెనకవైపూ పక్కలూ కూడా చూడాలని, దుర్భిణితో సరిపెట్టకుండా కనీసం ఒకచోటైనా పరంజా మీద చేతికందే దూరానికి వెళ్ళి పరీక్షించాలని అది చెప్పింది. ఊళ్ళో ఇప్పటికీ అందరూ దీన్ని ‘లోకల్ లా ఎలెవెన్’ అనే అంటారు. అద్దెకుండేవాడి దగ్గర్నుంచి టాక్సీ డ్రైవర్ దాకా నంబరుతో గుర్తుపెట్టుకున్న చట్టాలు ఈ నగరంలో చాలా తక్కువ.

లోకల్ లా అంటే ఏమిటో మన పాఠకులకు కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన మున్సిపాలిటీలకు అలవాటైన పద్ధతి వేరు. హైదరాబాద్‌లో భవన నిర్మాణ నిబంధనలంటే ఇంజనీర్లకు వెంటనే గుర్తొచ్చేది 2012 నాటి జీవో 168. అది రాష్ట్ర ప్రభుత్వం జారీ చేసింది. కార్పొరేషన్ బైలా చేసుకున్నా ప్రభుత్వ ఆమోదం లేనిదే చెల్లదు. న్యూయార్క్ నగర కౌన్సిల్లో 51 మంది సభ్యులు. ఒక సభ్యుడు బిల్లు పెడితే దానికి ‘ఇంట్రో’ నంబరు పడుతుంది. సంబంధిత కమిటీ బహిరంగ విచారణ జరుపుతుంది, భవనాల బిల్లయితే హౌసింగ్ అండ్ బిల్డింగ్స్ కమిటీ. ఎవరైనా వెళ్ళి మైకు ముందు రెండు మూడు నిమిషాలు మాట్లాడవచ్చు. విచారణలో విన్నదాన్ని బట్టి బిల్లు మారితే నంబరు పక్కన ‘ఏ’ అనే అక్షరం చేరుతుంది. సభలో 26 ఓట్లు వస్తే నెగ్గినట్టు. మేయర్‌కి 30 రోజులు గడువు. సంతకం పెట్టవచ్చు, వీటో చేయవచ్చు, ఏమీ చేయకుండా వదిలేస్తే అదే చట్టమైపోతుంది. వీటోను కొట్టేయాలంటే 34 ఓట్లు కావాలి. పైన ఇంకెవరి ఆమోదమూ అక్కర్లేదు.

అయితే కౌన్సిల్ చట్టంలో ఉండేది ఎముకల గూడే. కండ అంతా బిల్డింగ్స్ డిపార్ట్‌మెంట్ రాసే రూల్‌లో ఉంటుంది. ఎన్ని చోట్ల పరంజా వేలాడదీయాలి, ఇంజనీరుకి ఎన్నేళ్ళ అనుభవం ఉండాలి, ఆలస్యమైతే జరిమానా ఎంత, ఇవన్నీ అందులోవే. ఈ కేసును మలుపు తిప్పింది ఆ రూల్‌లోని ఒక అంకె.

2017లో నేను చేసింది ఇది. అప్పుడు నడుస్తున్నది ఎనిమిదో సైకిల్, అంటే ఐదేళ్ళకొకసారి వచ్చే తనిఖీ విడత. బ్లాక్ నంబరు చివరి అంకెను బట్టి భవనాలను మూడు గుంపులుగా విడదీస్తారు. మాది 7తో ముగుస్తుంది కాబట్టి బి గుంపు. రిపోర్టుకి ఆఖరి తేదీ 2018 ఫిబ్రవరి 21. బోర్డు నన్ను పిలిచేసరికి ఎండాకాలం అయిపోవచ్చింది. ఒక డ్రాప్‌కి ఒప్పుకున్నారు. డ్రాప్ అంటే పైకప్పు మీద నుంచి తాళ్ళతో వేలాడే పరంజా కట్టుకుని ఒక నిలువు వరుసలో పైనుంచి కిందికి దిగుతూ గోడంతా తడుముకుంటూ రావడం. దాన్ని అవెన్యూ వైపు పెట్టాను. అక్కడ జనం ఎక్కువ, బస్ స్టాపు ఉంది. పక్క వీధి గోడను ఎదుటి ఫుట్‌పాత్ మీద నిలబడి దుర్భిణితో చూశాను.

తొమ్మిదో అంతస్తు కిటికీల మీద తుప్పు చారలు కనిపించాయి. లింటెల్ పైన గార సందులు విచ్చుకుని ఉన్నాయి. ఒక కిటికీ మూల నుంచి ఏటవాలుగా సన్నటి బీట. ఫోటోలు తీసి, ఆ నాలుగు లింటెళ్ళను మధ్య వర్గంలో పెట్టాను.

వర్గాలు మూడు. భద్రం, ప్రమాదకరం, ఆ రెంటికీ మధ్య ‘స్వార్మ్‌ప్’ అని ఒకటి: ఇప్పటికి పడదు, మరమ్మతు మాత్రం చేయించాలి. ఇలా రాసే ఇంజనీరు ఏ తేదీలోగా మరమ్మతు జరగాలో కూడా రాయాలి. ఏడాదిలోపే ప్రమాదం అనిపిస్తే దాన్ని ఈ గడిలో పెట్టకూడదు. నేను 2020 డిసెంబరు అని రాశాను. మూడేళ్ళు. ఆ తేదీని ఏ లెక్కతో వేశానని ఇప్పుడు నన్ను నేను అడిగితే గట్టి జవాబు దొరకదు. బోర్డుకి డబ్బు కూడబెట్టుకునే వ్యవధి ఇద్దామన్న ఆలోచన అందులో ఉంది. చేత్తో తాకని లింటెల్‌కి మూడేళ్ళ ఆయుష్షు నేనే రాసిచ్చాను. ఈ కేసులో మొదటి తప్పు నాది.

బోర్డు ఆ తేదీని మరిచిపోలేదు. 2019లో కాంట్రాక్టర్ల దగ్గర ధరలు అడిగారు. అదే ఏడాది కౌన్సిల్ లోకల్ లా 97 చేసింది: 25,000 చదరపు అడుగులు మించిన భవనాలు 2024 నుంచి కర్బన ఉద్గారాల పరిమితికి లోబడి ఉండాలి, మించితే టన్నుకి 268 డాలర్లు. ముసలి బాయిలరున్న భవనానికి అది పెద్ద గుదిబండ. ఒకే కౌన్సిల్, ఒకే బోర్డు, ఒకే ఖజానా. గోడకు దాచిన డబ్బులో కొంత బాయిలర్ సర్వేకి వెళ్ళింది. తర్వాత 2020 మార్చి వచ్చింది. ఆ వసంతం న్యూయార్క్ ఎలా గడిచిందో ఇక్కడున్న ఎవరికీ చెప్పనక్కర్లేదు. లింటెళ్ళ మాట ఎత్తినవాళ్ళు లేరు, నేను కూడా ఎత్తలేదు.

అంతకు నెల ముందే, 2020 ఫిబ్రవరిలో, డిపార్ట్‌మెంట్ తొమ్మిదో సైకిల్‌కి కొత్త రూల్ తెచ్చింది. తనిఖీ ఇంజనీరుకి ఏడేళ్ళ అనుభవం తప్పనిసరి. భవనం గోడల పరిస్థితి తెలిపే సర్టిఫికెట్ లాబీలో తగిలించాలి. లోపల ఖాళీ ఉండే జంట గోడల్ని బేసి సైకిళ్ళలో తవ్వి చూడాలి. అన్నింటికీ మించి, వీధి వైపున్న గోడ పొడవునా 60 అడుగులు మించని దూరంలో డ్రాప్ వేయాలి. మా భవనానికి లెక్క చూసుకుంటే అవెన్యూ వైపు రెండు, పక్క వీధి వైపు మూడు. 2017లో ఒకటి, 2022లో ఐదు. బోర్డు ట్రెజరర్ ఆ కొటేషన్ చూసి అంత ఖర్చు అన్యాయమన్నాడు. ఆయన బాధ నిజమైనదే. కానీ తగ్గించడం నా చేతిలో లేదు, అందుకు ఈ రోజుకీ ఆ రూల్ రాసినవాళ్ళకు మనసులో దణ్ణం పెట్టుకుంటాను.

2022 ఏప్రిల్‌లో దిగాం. పక్క వీధి వైపు రెండో డ్రాప్. రిగ్, అంటే ఆ వేలాడే పరంజా, నడిపే ఫోర్‌మన్ పంజాబీ, ఇరవై ఏళ్ళుగా ఈ గోడల మీదే ఉన్నాడు. నాతోపాటు నెల్లూరు నుంచి వచ్చిన జూనియర్ ఇంజనీరు, లైసెన్సు పరీక్షకు చదువుకుంటోంది. ఆమె చేతిలో చెక్క సుత్తి. మన ఊళ్ళో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, ఇదీ అంతే. గట్టి ఇటుక ఖంగుమంటుంది. వెనక పట్టు వదిలేసిన ఇటుక మొద్దుగా పలుకుతుంది.

తొమ్మిదో అంతస్తు దగ్గర ఆమె రెండుసార్లు కొట్టి ఆగింది.

“సార్, ఒకసారి వినండి. ఇది పలకడం లేదు.”

నేను చెయ్యి చాపబోయాను. ఫోర్‌మన్ నా మణికట్టు పట్టుకున్నాడు. “ఇంజనీర్ సాబ్, హాథ్ మత్ లగానా.”

కిటికీ పైన టెర్రకోట దిమ్మె, కాల్చిన మట్టితో పోతపోసిన అలంకారపు రాయి. గోడ మట్టం నుంచి బొటనవేలంత ముందుకు వచ్చేసి ఉంది. కింద నుంచి ఎంత చూసినా ఆ కదలిక కనబడదు, నీడలో కలిసిపోతుంది. దాన్ని వెనక నుంచి పట్టుకునే ఇనుప కొక్కెం పొరలు పొరలుగా ఊడిపోయింది. లింటెల్ అంటే ఇక్కడ కాంక్రీటు కాదు, ఎల్ ఆకారపు ఉక్కు పట్టీ. దాని మీదికి నీళ్ళు చేరకుండా బయటికి మళ్ళించే రేకు 1920లలో వేయనే లేదు. వంద చలికాలాల చెమ్మ ఉక్కులోకి దిగింది. తుప్పు పట్టిన ఉక్కు అసలు మందానికి ఎన్నో రెట్లు ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు ఇటుక నిలవలేదు. 2017లో నేను సన్నటి బీట అని రాసుకున్నది ఆ ఉబ్బు మొదటి మాట. అది పెదవి విప్పినప్పుడు నేను ఎదుటి ఫుట్‌పాత్ మీద ఉన్నాను.

కింద మధ్యాహ్నం స్కూలు వదిలే వేళ. మా డ్రాప్ కోసం ఫుట్‌పాత్ ఆ వారం మూసి ఉంది కాబట్టి ఎవరూ లేరు. కిందికి దిగాక ఎవరం ఏమీ మాట్లాడుకోలేదు.

ఆ మధ్యాహ్నమే ప్రమాదకరం అని నోటిఫికేషన్ పంపాను. ఇందులో ఇంజనీరుకి వెసులుబాటు లేదు: యజమానికీ డిపార్ట్‌మెంట్‌కీ వెంటనే చెప్పాలి. యజమాని వెంటనే జనానికి రక్షణ కల్పించాలి. రిపోర్టు పెట్టిన నాటి నుంచి 90 రోజుల్లో సరిచేయాలి, లేదా కారణం చూపించి గడువు అడగాలి. ఊగుతున్న దిమ్మెను ఆ రెండ్రోజుల్లోనే పట్టీలతో కట్టి, ముక్కలుగా కోసి దించేశాం. మిగిలిన మూడు లింటెళ్ళ సంగతి వేరే. ఒక సైకిల్లో స్వార్మ్‌ప్ అని రాసింది మరుసటి సైకిల్‌కి మరమ్మతు కాకపోతే, మళ్ళీ అదే మాట రాయడానికి వీల్లేదు, ప్రమాదకరం అనే రాయాలి. ఈ చట్టంలో నాకు అన్నిటికన్నా నచ్చిన వాక్యం ఇది. వాయిదాకి ఒక అంతం పెట్టింది.

షెడ్ వచ్చింది. ఫుట్‌పాత్ మీద ఉక్కు కాళ్ళు, పైన చెక్క కప్పు, చుట్టూ ముదురు ఆకుపచ్చ పలకలు. ఆ రంగు కూడా నగరం నిర్ణయించిందే. 26 నెలలు నిలబడింది.

మరమ్మతు పని మాత్రం తొమ్మిది నెలల్లోపే అయిపోయింది. మిగతా పదిహేడు నెలలు ఎటు పోయాయని వాటాదార్ల సమావేశంలో ఒక పెద్దావిడ నిలదీసి అడిగింది. ఆవిడకు చెప్పిందే ఇక్కడా చెబుతాను.

మొదటి నాలుగు నెలలు డబ్బు. ఒక్కో వాటాదారు మీద అదనపు వసూలు వేయాలా, బ్యాంకు అప్పు తీసుకోవాలా అని బోర్డు రెండుగా చీలింది. పింఛను మీద బతికేవాళ్ళు ఆ భవనంలో చాలామంది, వాళ్ళను తప్పుపట్టలేను. ఆ తర్వాత అనుమతులు. భవనం చారిత్రక ప్రాంతంలో ఉంది కాబట్టి టెర్రకోట బదులు ఏం పెట్టాలన్నా లాండ్‌మార్క్స్ కమిషన్ ఒప్పుకోవాలి. పాత దిమ్మెల అచ్చు, రంగు, పైపూత మెరుపు దాకా చూపించాం. పోత పోసేవాళ్ళు ఈ దేశంలో వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది. బఫెలో దగ్గర ఒకరు, కాలిఫోర్నియాలో ఒకరు, ఇద్దరి దగ్గరా వరుస పొడుగే. ఈలోగా పక్క భవనంతో పేచీ. వాళ్ళ పైకప్పు మీద రక్షణ పరచందే మా పరంజా దిగదు. వాళ్ళు ఒప్పుకోవాలంటే లైసెన్సు ఒప్పందం, లాయర్ ఫీజులు. ఒప్పుకోకపోతే 881వ సెక్షన్ కింద కోర్టుకెళ్ళాలి. అది రాష్ట్ర చట్టం. మన నగర కౌన్సిల్ ఎంత గట్టి తీర్మానం చేసినా ఆ గుమ్మం దాటదు. చివరికి మిగిలింది చలికాలం. 40 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి దిగితే గార సరిగా పట్టదు. గుడారాలు కట్టి వేడి పెట్టుకుంటూ చేయాలంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది.

ఇవన్నీ నిజమైన కారణాలే. కానీ ఆ పెద్దావిడకు చెప్పని ఇంకో కారణం ఉంది, ఆ రోజు చెప్పాల్సింది. షెడ్ ఉన్నంతసేపూ ఎవరికీ తొందర లేదు. షెడ్ అద్దె నెలకు ఇంతని కట్టుకుంటే సరిపోతుంది, మరమ్మతుకి ఒక్కసారే కొండంత పెట్టాలి. గడువు దాటితే నెలకు 1,000 డాలర్ల జరిమానా, రెండో ఏడాది నుంచి షెడ్ అడుగుల లెక్కన ఇంకొంత. అదంతా కలిపినా మరమ్మతు బిల్లు ముందు చిన్నదే. షెడ్ పడ్డాక భద్రతకు లోటు లేదు కదా అన్న నిశ్చింత బోర్డులో వచ్చింది, నాలోనూ వచ్చింది. గోడను చూడమన్న చట్టానికి పళ్ళున్నాయి. బాగుచేయమన్న చోట అవి లేవు.

ఆ నిశ్చింతకు మూల్యం కట్టింది కింద దుకాణాలవాళ్ళు. మధ్య దుకాణం పండ్లూ కూరగాయలూ అమ్మే బంగ్లాదేశీయుడిది. షెడ్ నీడలో ఆయన బోర్డు కనబడదు, రోడ్డు మీదికి పరిచే బుట్టలకు వెలుతురు లేదు. నేను వెళ్ళినప్పుడల్లా ఒక్కటే అడిగేవాడు, ఇంకెన్నాళ్ళు అని. మామిడి పళ్ళ పెట్టె బలవంతంగా చేతిలో పెట్టేవాడు. ఆయనకు చెప్పిన తేదీల్లో మూడు తప్పాయి. మూడో దుకాణం, చెప్పులు బాగుచేసే ముసలాయనది, షెడ్ దిగకముందే మూతపడింది. దానికి షెడ్ ఒక్కటే కారణమని నేను నిరూపించలేను. అద్దె పెరిగిందని కూడా అన్నారు. కానీ ఆ షట్టర్ ముందునుంచి నడిచినప్పుడు నా కళ్ళు కిందికే ఉంటాయి.

మా 26 నెలలు ఈ ఊరి లెక్కల్లో పెద్దవేమీ కావు. నగరంలో ఏ రోజు చూసినా 8,000 పైగా షెడ్లు ఉంటున్నాయి. హార్లెంలో 409 ఎడ్జ్‌కోంబ్ అవెన్యూ ముందున్నది 21 ఏళ్ళు నిలబడి 2023లో దిగింది. దాని నీడలో పుట్టిన పిల్లలు పెద్దవాళ్ళయ్యారు.

షెడ్లమీద కోపంతో తనిఖీనే తప్పుపట్టేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు మూడు సంఘటనలు చెబుతాను. 2019 డిసెంబరు 17న టైమ్స్ స్క్వేర్ దగ్గర గోడ ముక్క పడి ఒక మహిళా ఆర్కిటెక్ట్ చనిపోయింది. గోడ బాగోలేదని ఆ భవనానికి ఏప్రిల్‌లోనే నోటీసు ఉంది, షెడ్ మాత్రం లేదు. 2015 మేలో మాన్‌హాటన్ పశ్చిమాన రెండేళ్ళ పాప, అమ్మమ్మతో కలిసి బెంచీ మీద కూర్చుని ఉండగా పైనుంచి ముక్కలు పడి చనిపోయింది. ఆ గోడ భద్రం అని రిపోర్టు ఇచ్చిన ఇంజనీరు అసలు తనిఖీకే వెళ్ళలేదని విచారణలో తేలి, అతని మీద నేరారోపణ జరిగింది. 2023 డిసెంబరులో బ్రాంక్స్‌లో బిల్లింగ్స్‌లీ టెర్రస్ మీద ఒక భవనం మూల మొత్తం కుప్పకూలింది. అదృష్టవశాత్తు ఎవరూ చనిపోలేదు. బరువు మోసే స్తంభాన్ని అలంకారపు గోడగా రాసిన ఇంజనీరుని నగరం రెండేళ్ళపాటు గోడల తనిఖీకి దూరం పెట్టింది. ఆ మూడో దాని గురించి చదివిన రాత్రి నా 2017 రిపోర్టు తీసి చదువుకున్నాను. ఆయన తప్పుకీ నా తప్పుకీ మధ్య దూరం నేను కోరుకున్నంత లేదు.

బ్రాంక్స్ కూలిన తర్వాత కౌన్సిల్ 2024లో ఇంకో చట్టం చేసింది. ఫిర్యాదు వచ్చేదాకా ఆగకుండా, భవనం వయసు, ఉల్లంఘనల చరిత్ర లాంటివి చూసి ప్రమాదం ఎక్కువున్నవాటిని డిపార్ట్‌మెంట్ తానే వెతికి వెళ్ళాలి. హైదరాబాద్‌లో వానలకు ముందు జీహెచ్‌ఎంసీ శిథిల భవనాల జాబితా తయారుచేసి నోటీసులిస్తుంది కదా, ఆలోచన అలాంటిదే. మన దగ్గర లేనిది ఐదేళ్ళకొకసారి, బాగున్న భవనాన్ని కూడా, బయటి ఇంజనీరు వచ్చి తాకి చూసే పద్ధతి. శిథిలం అని కంటికి కనిపించే భవనం సంగతి ఎవరైనా చెబుతారు. నేను పొరబడింది శిథిలంగా కనిపించని భవనంలో.

షెడ్ల మీద కౌన్సిల్ అసలు దెబ్బ కొట్టింది 2025 మార్చి 26న. ఒకే రోజు ఐదు బిల్లులు నెగ్గాయి. షెడ్ పర్మిట్ అంతకుముందు ఏడాదికి ఇచ్చేవాళ్ళు, అది మూడు నెలలకు తగ్గింది. పర్మిట్ మళ్ళీ కావాలంటే మరమ్మతు ఎంతవరకు వచ్చిందో చూపించాలి. డ్రాయింగులకు ఒక గడువు, పర్మిట్‌కి ఒకటి, పని పూర్తికి ఒకటి, ఏది తప్పినా జరిమానా. పాత షెడ్ వీధిలో నిలబడి ఉంటే నెలకు 6,000 డాలర్ల దాకా కట్టాలి. కింద వెలుతురు పెరగాలి, కప్పు ఎత్తు పెరగాలి, ఆకుపచ్చ ఒక్కటే కాకుండా భవనానికి కలిసే రంగులు వేసుకోవచ్చు. రంగుల మాట పత్రికల్లో ఎక్కువ వచ్చింది. నాకు ముఖ్యం మూడు నెలల పర్మిట్. అది ఉండుంటే మా బోర్డు నాలుగు నెలలు చీలిపోయి కూర్చునేది కాదు. నేనూ డ్రాయింగులు ఇంకా ముందే ఇచ్చేవాణ్ణి. 17 నెలల్లో ఎన్ని తగ్గేవో కచ్చితంగా చెప్పలేను గానీ చెప్పుల దుకాణం ముసలాయన ఇంకో దసరా చూసేవాడని నా నమ్మకం. దసరా అన్న మాట నాది, ఆయనకు ఆ పండగ తెలియదు.

అదే మూటలో నన్ను కలవరపెట్టే అంశం కూడా ఉంది. కొత్త భవనానికి మొదటి తనిఖీ ఐదేళ్ళకు బదులు ఎనిమిదేళ్ళకు. దానితో నాకు పేచీ లేదు. కానీ ఐదేళ్ళ సైకిల్‌నే ఆరు నుంచి పన్నెండేళ్ళ మధ్యకు మార్చే విషయం అధ్యయనం చేసి తేల్చాలని కూడా ఉంది. అద్దాల టవర్‌కి పదేళ్ళిచ్చినా నాకు నిద్ర పడుతుంది. మా భవనానికి, దాని లాంటి 1910-30ల నాటి ఉక్కు పట్టీ, టెర్రకోట గోడలకు పన్నెండేళ్ళు అంటే ఒప్పుకోను. ఆ లింటెల్ సన్నటి బీట నుంచి బొటనవేలంత కదలడానికి ఐదేళ్ళ లోపే పట్టింది. అధ్యయనం చేసేవాళ్ళు గోడ దేనితో కట్టారో, లోపల నీటికి దారి ఉందో లేదో చూసి గడువు వేయాలి. ఈ మాట విచారణల్లో చెప్పడానికి మాలాంటివాళ్ళు వెళ్ళాలి. సభలో నిలబడలేనివాళ్ళు విచారణ అయ్యాక 72 గంటల్లోపు రాతపూర్వకంగా పంపవచ్చు. నేను పంపిన పేజీన్నరలో ఈ భవనం ఫోటోలు రెండే పెట్టాను, 2017లో దుర్భిణిలోంచి తీసింది, 2022లో రిగ్ మీద నుంచి తీసింది.

డ్రోన్ల గురించి చాలామంది అడుగుతారు. 2019 మరణం తర్వాత గోడల్ని డ్రోన్లతో చూడాలని కౌన్సిల్‌లో బిల్లు కూడా వచ్చింది. నగరంలో డ్రోన్ ఎగరేయడానికి పోలీసు పర్మిట్ పద్ధతి 2023 జులైలో మొదలైంది. పరంజా చేరని మూలల్లో డ్రోన్ పనికొస్తుంది, నేనూ వాడించాను. దిమ్మె ముందుకు వచ్చిన సంగతి అది పట్టేదేమో కూడా. కానీ అదే అంతస్తులో నాలుగో లింటెల్ బయటికి నిటారుగా, అందంగా, బీట లేకుండా ఉంది. సుత్తి తగలగానే డొల్ల పలికింది. తెరిస్తే లోపల ఉక్కు పట్టీ సగం మందం కూడా మిగల్లేదు. ఆ సంగతి ఏ కెమెరా చెప్పదు.

ఈ కేసు తర్వాత నా పద్ధతి కొంత మార్చుకున్నాను. డ్రాప్ ఎక్కడ వేయాలో ఒక్క జనసమ్మర్దాన్ని బట్టే నిర్ణయించను. ముందు దుర్భిణితో చూసి, అనుమానం ఎక్కడుందో అక్కడ ఒకటి తప్పనిసరిగా వేస్తాను. తుప్పు చార కనిపించిన లింటెల్‌ని తాకకుండా స్వార్మ్‌ప్ అని రాయను. బోర్డు ఒక్క డ్రాప్‌కే డబ్బిస్తానంటే ఆ పని వదులుకుంటాను, రెండుసార్లు వదులుకున్నాను కూడా. మరమ్మతు తేదీ రాస్తే దాన్ని నా క్యాలెండరులో కూడా రాసుకుని, ఆరు నెలల ముందు బోర్డుకి ఉత్తరం పంపుతాను. చట్టం ఆ ఉత్తరం అడగదు. షెడ్ వేయమని చెప్పిన రోజే డ్రాయింగుల పని మొదలుపెడతాను, డబ్బు తేలేదాకా ఆగను.

2024 జనవరి 1 నుంచి వీధి వైపున్న పిట్టగోడల్ని ఏటా చూడాలన్న నిబంధన కూడా అమల్లోకి వచ్చింది. భవనం ఎత్తుతో పనిలేదు. దీనికి ఇంజనీరే కానక్కర్లేదు, తెలిసినవాళ్ళెవరైనా చేయవచ్చు. మా భవనంలో సూపరింటెండెంట్ చేస్తున్నాడు. మొదటి ఏడాది అతనితో పైకెక్కి సుత్తి ఎలా పట్టుకోవాలో చూపించాను. ఇప్పుడు ఏదైనా తేడాగా పలికితే ఫోన్లో రికార్డు చేసి నాకు పంపుతాడు.

పదో సైకిల్లో మా బి గుంపుకి రిపోర్టు గడువు 2026 ఫిబ్రవరి 21న మొదలై 2028 ఫిబ్రవరి 21న ముగుస్తుంది. ఆఖరి ఏడాదిదాకా ఆగొద్దని బోర్డుకి చెప్పాను. మొదటి డ్రాప్ పక్క వీధి వైపు, కొత్త దిమ్మెలకు పక్కనే ఉన్న పాత వరుస మీద. వాటిని 2023లో తడిమినప్పుడు ఖంగుమన్నాయి. ఇప్పుడేమంటున్నాయో విని రావాలి. నెల్లూరు అమ్మాయికి లైసెన్సు వచ్చింది. ఈసారి రిగ్ మీద ముందు ఆమె దిగుతుంది.